పుస్తెల మీద ఒట్టు

మా ఆయనకు పెళ్లికి ముందే ఒకసారి క్యాన్సర్ వచ్చి తగ్గిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. మా కాపురం చాలా ఏళ్లు ఇలాగే నడిచింది. రెండు గదుల వాటాలో పక్కపక్కన కూర్చుని అన్నం తినే ఇద్దరి మధ్య ఇంత సంగతి ఎలా దాగుతుందని మీరు అడగవచ్చు. దాగుతుంది. ఇద్దరూ పనిగట్టుకుని దాస్తే ఏనుగునైనా బియ్యం డబ్బా వెనక దాచవచ్చు.

నాకు చెప్పింది మా అత్తగారు. పెళ్లయిన కొత్తలో, తెనాలిలో వాళ్లింటి వెనక వసారాలో ఇద్దరం కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాం. ఉన్నట్టుండి ఆవిడ చేతులు ఆపి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నీకు చెప్పకపోతే ఆ పాపం నాకు తగులుతుందే. వాడు చదువైపోయి ఉద్యోగంలో చేరిన ఏడాది మెడ కిందా ఛాతీలోనూ గడ్డలు లేచాయి. మద్రాసులో కరెంటు పెట్టించాం. పూర్తిగా తగ్గిపోయింది. పెళ్లిచూపులప్పుడు చెబితే పిల్లనెవరిస్తారు చెప్పు?"

కరెంటు పెట్టడమంటే రేడియేషన్ చికిత్స. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. ఆవిడ అక్కడితో ఆగలేదు. "నీకు తెలిసిందని తెలిస్తే వాడు నీ మొహం చూడలేడు. వాడికి అభిమానం ఎక్కువ. వాడికి ఎప్పటికీ తెలియనివ్వనని పుస్తెల మీద చెయ్యేసి ఒట్టెయ్యి" అంది.

నా మెడలో పసుపుతాడుకు ఇంకా పచ్చి వాసన పోలేదు. దాని మీద చెయ్యి వేశాను. చింతపండు జిగురు పుస్తెలకు అంటుకుంది. పుస్తెల మీద ఒట్టంటే మామూలు ఒట్టు కాదు. అది తప్పితే పోయేది మొగుడి ప్రాణమే. నేను ఎం.ఎస్సీ. చదివిన దాన్ని, ఇలాంటివి నమ్మనని కాలేజీలో వాదించిన దాన్ని. అయినా ఆ వేళ భయపడుతూనే ఒట్టేశాను.

మోసపోయానని నాకు కోపం రావాలి కదా. రాలేదు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ కోపం రావలసిన చోట నాకొక గొప్ప వచ్చింది. పాపం ఈయన దాచుకుంటున్నాడు, నేనెంత మంచిదాన్ని కాకపోతే తెలిసీ తెలియనట్టుంటాను అనుకున్నాను. ఆయన ఛాతీ మీద ఆవగింజంత నీలిచుక్కలు నాలుగైదు ఉండేవి. రేడియేషన్ ఎక్కడ పెట్టాలో గుర్తుకోసం సూదితో పొడిచిన పచ్చబొట్లు అవి. ఏంటివని ఒకసారి ఊరికే అడిగాను. "చిన్నప్పుడు బళ్లో ఎవడో పెన్నుతో పొడిచాడు" అన్నారు. "అయ్యో, అలాగా!" అన్నాను. లోపల నవ్వుకున్నాను. చాలా ఏళ్లు నేను ఆ నవ్వు మీదే బతికాను.

పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చాం. శ్రీనగర్ కాలనీకి వెనక ఉన్న సందుల్లో వాటా. ఆయన అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో జావా చెప్పేవారు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో జావా చెప్పే మనిషంటే ఏమిటో ఇప్పటి వాళ్లకు చెప్పినా నమ్మరు. కరెంటు స్తంభాల నిండా, గోడల నిండా, బస్టాపు నిండా పోస్టర్లు. పిల్లలు సెంటరు పేరు చూసి రారు, సారు పేరు చూసి వస్తారు. మొదటి మూడు రోజులూ డెమో క్లాసులు ఉచితం. ఆ మూడు రోజుల్లో గొంతుతో పట్టేస్తే బ్యాచ్ నిండినట్టు, లేకపోతే పక్క మెట్లెక్కి ఇంకో సారు దగ్గరికి పోతారు. మా ఆయనకు మైకు అక్కర్లేదు. హాలు చివర, కిటికీ గూట్లో కూర్చున్న పిల్లాడికి కూడా చెవిలో చెప్పినట్టు వినిపించేది. ఆయనకున్న ఆస్తంతా ఆ గొంతే.

నేను అదే సెంటర్లో ముందు గదిలో కూర్చునేదాన్ని. కౌన్సెలర్ అనేవారు. ఏ బ్యాచ్ ఎప్పుడు, ఏ కోర్సుకు ఏముంది చెప్పడం ఒక పని. రెండో పని రెజ్యూమెలు దిద్దడం. డిగ్రీ అయ్యాక ఏడాదీ రెండేళ్లూ ఖాళీగా ఉన్న పిల్లలు వచ్చేవారు. ఖాళీ కనబడితే కంపెనీల వాళ్లు పిలవరు. కాబట్టి ఆ ఖాళీలో ఏదో ఒక ప్రాజెక్టు పెట్టి పూడ్చాలి. అమీర్‌పేటలో దీన్ని ఎవరూ అబద్ధమనేవారు కాదు. "ఇంటర్వ్యూలో అడిగితే తడబడొద్దు నాన్నా. కళ్లలోకి చూసి చెప్పు. చెప్పాక ఇంకో మాట మాట్లాడకు" అని నేనే నేర్పేదాన్ని. కరెంటు పెట్టించుకున్న ఏడాది మద్రాసులో ప్రాజెక్టు చేశానని మా ఆయన కూడా అందరికీ చెప్పుకున్నారు. ఆ లెక్కన మా ఇల్లు కూడా అమీర్‌పేటలో ఒక భాగమే.

తర్వాత చంకలో గడ్డ వచ్చింది. ఆయన స్నానం చేసి వచ్చి చెయ్యెత్తి చూసుకుంటుంటే నేను చూశాను. నేను చూశానని ఆయన చూశారు. అప్పుడూ ఇద్దరం ఏమీ అనుకోలేదు. ముక్క తీసి పరీక్ష చేయించాక పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రికి వెళ్లాం. క్యాన్సర్ డాక్టరు గారు నెమ్మదైన మనిషి, తొందర లేకుండా వినేవారు. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అనీ, కీమోతో చాలామందికి బాగా తగ్గుతుందనీ చెప్పి, కాగితం మీద రాసుకుంటూ అడిగారు.

"ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలాంటిది వచ్చిందా? రేడియేషన్ గానీ, కీమో గానీ ఏమైనా తీసుకున్నారా?"

మా ఆయన డాక్టరు గారి కళ్లలోకి చూశారు. "లేదు సార్. ఇదే మొదటిసారి" అన్నారు. చెప్పాక ఇంకో మాట మాట్లాడలేదు.

పక్క కుర్చీలో నేను గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. నా చెయ్యి నాకు తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్లింది. నేను పక్కన ఉండబట్టే ఆయన లేదన్నారని నాకు తెలుసు. ఏదో వంక పెట్టి నేను బయటికి వెళ్లినా చాలు, చెప్పేవారేమో. మంచినీళ్లకని లేచినా సరిపోయేది. లేవలేదు. ఎప్పుడో పెట్టిన కరెంటుకూ ఇప్పటి మందుకూ ఏం సంబంధంలే అనుకున్నాను. ఆయనా అదే అనుకుని ఉంటారు. మొగుడి మాట నలుగురిలో కాదనకపోవడమే మర్యాద అనుకున్నాను. మా అమ్మ అలాగే పెంచింది మరి. ఎవరు ఎలా పెంచినా నోరు నాది.

కీమో మొదలైంది. సెలైన్ గొట్టంలోంచి ఎర్రమందు ఒకటి ఎక్కించేవారు. సెంటర్లో మాత్రం పచ్చకామెర్లని చెప్పాం. జుట్టు ఊడితే మొక్కు తీర్చుకున్నామన్నాం. మందుకూ మందుకూ మధ్య కాస్త తేరుకున్న రోజుల్లో ఆయన వెళ్లి క్లాసులు చెప్పి వచ్చేవారు. వద్దంటే వినేవారు కాదు. చంకలో గడ్డ కరిగిపోయింది. మేమిద్దరం గట్టెక్కేశామనే అనుకున్నాం.

అప్పుడు దగ్గు పట్టుకుంది. కఫం లేదు, ఉత్త పొడిదగ్గు. మొదట మాట చివర వచ్చేది, తర్వాత మాట మధ్యలోకి వచ్చింది. సెంటర్ రెండో అంతస్తులో ఉండేది. మెట్ల మలుపులో ఆగి, ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కేవారు. ఒక డెమో క్లాసులో దగ్గు మొదలైతే ఆగలేదు. బోర్డు పట్టుకుని ఒంగిపోయారు. నేను నీళ్ల గ్లాసుతో పరుగెత్తేసరికి వెనక వరసల్లో పిల్లలు బ్యాగులు సర్దుకుంటున్నారు. టీబీ అయ్యుంటదని ఒకడు, మనకెందుకని ఇంకొకడు. ఆయన విన్నారు. వినని మొహం పెట్టి మార్కర్ మూత పెట్టారు. ఆ సాయంత్రం సెంటర్ ఓనర్ నన్ను పక్కకు పిలిచాడు. అతను వరంగల్ వైపు మనిషి. మాట మోటుగా ఉంటుంది గానీ మనసు మంచిది.

"మేడం, సార్‌కి దగ్గు మస్తుగుంది. గిది పచ్చకామెర్ల దగ్గు కాదని నాకు సుత తెలుసు. మీరేం దాస్తున్నరో నేనడుగ. బ్యాచ్ గురించి ఫికర్ చెయ్యకుండ్రి. ముందుగాల మంచి డాక్టర్‌కి చూపియ్యండ్రి."

నాకు తల కొట్టేసినట్టయింది. మేమింత తెలివిగా దాచామనుకున్నది మెట్ల కింద టీ బండి వాడి దాకా తెలుసన్నమాట.

జ్వరం కూడా రావడంతో ఆసుపత్రిలో చేర్చాం. తెనాలి నుంచి మా అత్తగారు వచ్చి ఇల్లు చూసుకున్నారు. మొదట న్యుమోనియా అన్నారు. కీమోలో ఒంటికి ఓపిక తగ్గి ఇన్ఫెక్షన్లు రావడం మామూలేనని పెద్ద పెద్ద యాంటీబయాటిక్స్ ఎక్కించారు. టీబీకి పరీక్ష చేశారు, లేదని వచ్చింది. జ్వరం తగ్గలేదు. ఆయాసం పెరిగింది. ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టం తీసి మాస్కు పెట్టారు. హాలు చివరి దాకా వినిపించిన గొంతు మంచం పక్కన కూర్చున్న నాకే వినిపించడం మానేసింది. మంచినీళ్లు అడగాలంటే వేళ్లతో సైగ చేసేవారు.

స్కానింగ్ తీశాక డాక్టరు గారు నన్ను ఒక్కదాన్నే గదికి పిలిచారు. తెల్లటి లైటు డబ్బాకు ఫిల్ములు తగిలించి ఉన్నాయి. నల్లటి ఊపిరితిత్తుల మధ్యలో, గుండెకు రెండు పక్కలా, తెల్లటి మచ్చ.

"ఇది చూడండమ్మా" అని ఆయన పెన్నుతో మచ్చ అంచు చూపించారు. "ఇన్ఫెక్షన్ ఇలా ఉండదు. అది ఎటు దారుంటే అటు పాకుతుంది. ఇది స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఆగిపోయింది. ఊపిరితిత్తిలో ఇలాంటి గీతలు దేవుడు పెట్టలేదు. ఇది మనిషి గీసిన గీతలా ఉంది."

నాకు అర్థమైంది. ఆయన ఇంకా వివరంగా చెప్పారు. పాత రేడియేషన్ తగిలిన చోట ఊపిరితిత్తి పైకి మానినట్టే ఉంటుందట. ఏళ్ల తర్వాత కొన్ని కీమో మందులు ఒంట్లోకి వెళితే, సరిగ్గా ఆ చోటే మళ్లీ వాస్తుందట. అరుదుగా జరుగుతుందట. దానికి స్టీరాయిడ్ ఇవ్వాలి, ఆ ఎర్రమందు ఇక ఎప్పుడూ ఇవ్వకూడదు.

"కానీ ఇన్ఫెక్షన్ అయ్యుండి నేను స్టీరాయిడ్ ఇస్తే అది ఇంకా చెలరేగుతుంది. మనిషి దక్కకపోవచ్చు. అందుకే ఆగుతున్నాను. ఆయన్ని మళ్లీ అడిగాను, లేదని తల ఊపారు. మీరు బాగా గుర్తుతెచ్చుకుని చెప్పండి. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఛాతీకి రేడియేషన్ పెట్టారా?"

ఒక్క మాట. అవునంటే చాలు. తలుపు వేసి ఉంది, ఆయన అక్కడ లేరు, నలుగురిలో పరువు పోతుందన్న వంక కూడా లేదు. నేను డాక్టరు గారి కళ్లలోకి చూశాను.

"నాకు తెలిసి ఏమీ లేదు సార్" అన్నాను.

ఎందుకన్నానని నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. ఒట్టు భయమని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, భయం ఉంది. మంచం మీద ఆయన ఎగశ్వాస చూస్తూ, నేను నోరు విప్పిన మరుక్షణం ఆ శ్వాస ఆగిపోతుందేమోనని వణికాను. చెబితే ఒట్టు చంపుతుంది, చెప్పకపోతే రోగం చంపుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కానీ అదొక్కటే కాదు. మొదటి రోజు పక్కన కూర్చుని విన్నదాన్ని ఇప్పుడు అవునంటే, మరి ఆ రోజు ఏం చేస్తున్నారమ్మా అని డాక్టరు గారు అడుగుతారు కదా. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఒకసారి లేదన్నాక ఆ 'లేదు'ను కాపాడుకోవడమే పనైపోయింది నాకు. మొగుడి ఊపిరి కన్నా నా మాట పోకుండా చూసుకున్నాను.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఆ మర్నాడు ఉదయం వెంటిలేటర్ పెట్టవలసి రావచ్చు, సంతకం చెయ్యాలని నర్సమ్మ వచ్చి చెప్పింది. ఆయన మాస్కు లోంచి నన్ను చూసి, ఏమంటోందని కనుబొమలెగరేశారు. "ఏం లేదు, మందులు తెమ్మంటోంది" అని బయటికొచ్చి, ఆటో ఎక్కి ఇంటికి బయలుదేరాను. మా అత్తగారిని కాళ్లు పట్టుకునైనా సరే ఆ ఒట్టు వెనక్కి తీసుకోమని అడుగుదామని.

పంజాగుట్ట చౌరస్తాలో అప్పుడు ఫ్లైఓవర్ కడుతున్నారు. దుమ్ములో ఆటో కదలడం లేదు. నేను తొందరపెడితే డ్రైవర్ వెనక్కి తిరిగి, "జర సబర్ చెయ్యండ్రి మేడం, గీడ రోజూ గింతే" అన్నాడు. ఏడుస్తున్నానని చూసి హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు పాపం.

మా అత్తగారు వంటింట్లో ఆయనకు జావ కాస్తున్నారు. గుమ్మంలోనే అడిగేశాను. "అత్తయ్యా, ఆ ఒట్టు నన్ను తప్పించండి. డాక్టరు గారికి పాత కరెంటు సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆయన బతకరు."

ఆవిడకు మొదట అర్థం కాలేదు. "ఏ ఒట్టు?" అంది. గుర్తు చేశాను. గరిటె గిన్నెలోకి జారవిడిచింది.

"డాక్టరుకి చెప్పలేదా? ఇన్నాళ్లూ చెప్పలేదా?"

"ఆయన లేదన్నారు. మీరేమో ఒట్టు..."

"ఒట్టు తీసి గట్టున పెట్టు!" అని అరిచింది ఆవిడ. నేను ఆవిడ గొంతు అంత పైకి లేవగా ఎప్పుడూ వినలేదు. "పిల్లాడి పెళ్లి నిలబడుతుందో లేదోనని, ఆనాడు ముసలిదాన్ని భయపడి వేయించుకున్నాను. నీకు చదువుంది, ఉద్యోగం చేస్తున్నావు. అవసరమొస్తే నువ్వే చెబుతావులే అన్న ధైర్యంతోనే కదే నీకు చెప్పుకుంది. లేకపోతే నీకెందుకు చెబుతాను?"

ఇన్నేళ్లూ నేను మోస్తున్నాననుకున్న ఆ బరువు ఆవిడ నా నెత్తిన పెట్టింది కానే కాదు. ఆవిడ తన తర్వాత కొడుకు సంగతి తెలిసిన మనిషి ఒకరుండాలని నాకు అప్పగించింది. నేను దాన్ని నగలా దాచుకుని చూసుకుని మురిసిపోయాను. అంత సిగ్గు నేను నా జన్మలో పడలేదు. జావ అడుగంటుతోంది. ఇద్దరం దాన్ని అలాగే వదిలేసి ఆటో ఎక్కాం.

డాక్టరు గారికి వార్డు వరండాలోనే చెప్పాను. నేను ఊహించుకుని భయపడిన ప్రశ్న ఆయన అడగనే లేదు. నా వంక ఒక్క క్షణం చూశారు. "సరే. ఇప్పటికైనా చెప్పారు. కానీ ఎంత మేర పెట్టారో, ఎన్నాళ్లు పెట్టారో తెలియాలి. అది ఆయనే చెప్పాలి. మీరడుగుతారా, నన్నడగమంటారా?" అన్నారు.

"మీరే అడగండి సార్" అన్నాను. ఆ పాటి ధైర్యం కూడా లేకపోయింది.

డాక్టరు గారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "మీకు మద్రాసులో రేడియేషన్ పెట్టారని మీ ఇంట్లో వాళ్లు చెప్పారు. ఎక్కడెక్కడ పెట్టారో చూపిస్తారా?" అని మామూలుగా అడిగారు. నేను ఆయన వీపు వెనక నిలబడ్డాను. మా ఆయన కళ్లు డాక్టరు గారి భుజం మీదుగా ముందు వాళ్లమ్మను వెతికాయి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నన్ను చూశాయి. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. నడివీధిలో బట్టలు లేకుండా దొరికిపోయిన మనిషి చూపది. ఆయన నెమ్మదిగా చెయ్యెత్తి, చొక్కా మీద వేలితో, మెడ కింద నుంచి రొమ్ము దాకా ఒక పెద్ద చదరం గీశారు. స్కానింగులో కనబడిన అంచు సరిగ్గా అదే.

ఆ పూటే స్టీరాయిడ్ మొదలుపెట్టారు. వెంటిలేటర్ అవసరం పడలేదు. జ్వరం ముందు తగ్గింది, తర్వాత దగ్గు, ఆయాసం అన్నిటికన్నా ఆలస్యంగా. మాస్కు తీసిన మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే ఉన్నాం. కిటికీ వైపు చూస్తూ అడిగారు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పెళ్లైనప్పట్నుంచి."

ఒక్కో మాటకు ఊపిరి కూడదీసుకుని అడిగారు. "బళ్లో ఎవడో పెన్నుతో పొడిచాడని చెప్పాను కదా. నవ్వుకున్నావా?"

"లేదండీ" అన్నాను.

అది కూడా అబద్ధమే. ఆయన నమ్మలేదు. నమ్మినట్టు తల ఊపారు. పాత అలవాటు.

తిరిగి క్లాసులకు వెళ్లవచ్చా అని అడిగితే డాక్టరు గారు దాచకుండా చెప్పారు. వాపు తగ్గింది గానీ కొంత భాగం మచ్చకట్టి గట్టిపడిపోయింది, అది ఇక మెత్తబడదు. గంటల తరబడి నిలబడి గట్టిగా చెప్పడం కుదరదు. ఇద్దరం బయటికొచ్చాక నేనొక్కదాన్నే మళ్లీ లోపలికెళ్లి, ఆ రెండు మూడు రోజులు ముందు చెప్పి ఉంటే ఇంత గట్టిపడేది కాదా అని అడిగాను. "చెప్పలేమమ్మా. తేడా ఉండొచ్చు, లేకపోవచ్చు" అన్నారు. ఆయన నా మీద దయతో అన్నారని తెలుసు. అందుకే ఆ మాట నాకు ఊరట కాలేకపోయింది. మొదటి రోజే తెలిసి ఉంటే వేరే మందు ఎంచుకునేవారా అన్నది నేను అడగలేదు. జవాబు నాకు తెలుసు.

ఆ తర్వాత అందరూ నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇది నేను ఊహించని శిక్ష. భార్య సమయానికి చెప్పబట్టి మనిషి దక్కాడట అని నర్సమ్మలు అన్నారు. మా వాటా పక్కావిడ నన్ను పేరంటానికి పిలిచి, సావిత్రి లాంటి దానివమ్మా అని బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది. ఆ అరటిపండు తినకుండా వీధిలో ఆవుకు పెట్టేశాను. మా అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. తెనాలి వెళ్లేముందు నా తల నిమిరి వెళ్లింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఆయన ఇంటికొచ్చి కాస్త తిరుగుతున్న రోజుల్లో ఒక ఆదివారం సెంటర్ ఓనర్ సీతాఫలాలు తీసుకుని వచ్చాడు. ఇక దాచేదేమీ లేదు గనక మా ఆయనే అంతా చెప్పారు, గడ్డల దగ్గర్నుంచి. రెండు వాక్యాలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ. నేను టీ కప్పులు పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఓనర్ అంతా విని నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"మీరు మస్తు పని చేసిండ్రు మేడం. సార్‌ని మీరే బతికిచ్చిండ్రు." మళ్లీ మా ఆయన వైపు తిరిగి, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు. "అయితే సార్, మేడంకి గీ సంగతి ఎప్పుడు ఎరుకైంది?"

నేను తల వంచుకున్నాను. చెప్పండి, చెప్పెయ్యండి అనుకున్నాను. ఒక్క మనిషి ముందైనా నిజం బయటపడితే నాకు కాస్త ఊపిరాడుతుందనిపించింది.

మా ఆయన టీ ఒక గుక్క తాగారు. ఓనర్ కళ్లలోకి చూశారు.

"తనకేం తెలుసు పాపం. ఆసుపత్రిలో చేరాక మా అమ్మ చెప్పింది. తెలిసిన గంటలోనే పరుగెత్తుకెళ్లి డాక్టరుకి చెప్పేసింది."

అంత మాట ఒక్క ఊపిరిలో అనడానికి ఆయన ఎంత కష్టపడ్డారో నాకు మాత్రమే తెలుసు. చెప్పాక దగ్గు వచ్చింది. ఓనర్ లేచి ఆయన వీపు రాస్తూ, "గ్రేట్ మేడం" అన్నాడు.

నేను కాదనలేదు. ఇంతకు ముందు నోరు మూసుకున్నప్పుడల్లా ఆయన పరువు కోసమే అని చెప్పుకున్నాను. ఈసారి ఎవరి కోసమో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.